మీ డెస్క్‌టాప్ బోర్డుకు సరిపోయే ర్యామ్ ఎంచుకోవడం ఎలా?

"అన్నా, 3200 తీసుకోవాలా, 3600 తీసుకోవాలా?" ర్యామ్ విషయంలో అందరూ ముందు అడిగేది ఇదే. ఆ తర్వాత సీఎల్16 మంచిదా సీఎల్18 మంచిదా అని (సీఎల్ అంటే ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకె), ఆ పైన లైట్లు వెలిగేది కొంటే గేమ్ బాగా నడుస్తుందా అని. సరే, బోర్డు (మదర్‌బోర్డు) ఏది అని అడిగితే "గిగాబైట్‌ది" అంటారు, ప్రాసెసర్ ఏది అంటే "ఐ5" అంటారు. తంటా అంతా ఇక్కడే.

స్పీడు నంబర్ అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు, ర్యామ్ కాస్త తక్కువ స్పీడులో నడుస్తుంది, అంతే. కానీ డీడీఆర్ తరం తప్పినా, స్టిక్ రకం తప్పినా, ఒక్కో స్లాటు ఎన్ని జీబీల స్టిక్ తీసుకుంటుందో చూసుకోకపోయినా ఆ కొన్నది మీ బోర్డుకు ఎందుకూ పనికిరాదు, స్క్రీన్ మీద బొమ్మ కూడా రాదు. అందుకే ఈ మూడూ ముందు తేల్చుకోవాలి, స్పీడు సంగతి తర్వాత. పైగా 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీ దెబ్బకు ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి, డీడీఆర్4ని కూడా వదల్లేదు. తప్పు స్టిక్ కొని "పోనీలే" అనుకునే రోజులు కావు ఇవి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- బోర్డు పూర్తి మోడల్ పేరు, రివిజన్ నంబర్
- ప్రాసెసర్ పూర్తి పేరు (ఐ5 అంటే చాలదు, ఐ5-12400 అని ఉండాలి)
- ఇప్పుడున్న ర్యామ్ లేబుల్ ఫొటో
- స్టార్ స్క్రూడ్రైవర్, ఫోన్ టార్చ్
- ఒక ఖాళీ పెన్ డ్రైవ్, చివర్లో టెస్ట్ కోసం

1. బోర్డు పూర్తి పేరు పట్టుకోండి

సిస్టమ్ ఆన్ అవుతుంటే క్యాబినెట్ విప్పక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. అందులో బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అనే వరసలో కనిపించేదే మీ బోర్డు పేరు. సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో బోర్డు పేరు, చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన కంట్రోల్ చిప్), బయోస్ (సిస్టమ్‌ను లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) వెర్షన్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. దాన్ని ఉంచుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

సిస్టమ్ ఆన్ కాకపోతే సైడ్ ప్యానెల్ తీసి టార్చ్ కొట్టి చూడండి. ప్రాసెసర్ ఫ్యాన్‌కీ గ్రాఫిక్స్ కార్డు స్లాటుకీ మధ్య, లేదా స్లాట్ల పక్కనే, పెద్ద అక్షరాల్లో పేరు అచ్చయి ఉంటుంది. గిగాబైట్ బోర్డయితే ఓ మూలన చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ కూడా ఉంటుంది, దాన్నీ రాసుకోండి, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చిన రెండు రివిజన్లకు వాళ్ల సైట్‌లో వేర్వేరు పేజీలు ఉంటాయి. బిల్లు మీద రాసిన పేరును మాత్రం నమ్ముకోకండి. అసెంబుల్ చేసిన షాపువాళ్లు చాలాసార్లు "హెచ్610 బోర్డు" అని రాసి వదిలేస్తారు, అది చిప్‌సెట్ పేరు, బోర్డు పేరు కాదు.

డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీ సిస్టమ్ అయితే బోర్డు పేరుతో పని లేదు, సిస్టమ్ మోడల్ పేరు కావాలి. డెల్ అయితే వెనక అంటించిన సర్వీస్ ట్యాగ్‌ను వాళ్ల సైట్‌లో కొట్టండి, ఏ ర్యామ్ వేసి పంపారో కూడా చూపిస్తుంది.

2. డీడీఆర్ ఎన్నో తేల్చుకోండి

ఇది తప్పితే మిగతావన్నీ వృథా. డీడీఆర్3, 4, 5 ఒకదాని స్లాటులో ఒకటి పట్టవు, కన్వర్టర్ పెట్టి ఎలాగోలా నడిపిద్దాం అనుకోవడానికీ లేదు. మోటుగా చెప్పుకుంటే ఇలా ఉంటుంది (ఐ5-12400లో ముందున్న 12 అంటే 12వ తరం):

- ఇంటెల్ రెండు, మూడు, నాలుగో తరం (హెచ్61, బీ75, హెచ్81, బీ85): డీడీఆర్3
- ఇంటెల్ ఆరు నుంచి పదకొండో తరం వరకు (హెచ్110, హెచ్310, హెచ్410, హెచ్510 వగైరా): దాదాపు అన్నీ డీడీఆర్4
- ఇంటెల్ 12, 13, 14వ తరాలు: డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి
- ఇంటెల్ కోర్ అల్ట్రా 200 సిరీస్ డెస్క్‌టాప్: డీడీఆర్5
- ఏఎండీ ఏఎం4 (రైజెన్ 1000 నుంచి 5000 వరకు): డీడీఆర్4
- ఏఎండీ ఏఎం5 (రైజెన్ 7000, 8000, 9000): డీడీఆర్5

ఏఎండీ వాళ్లకు ఇక్కడ గొడవే లేదు, సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు, అంటే ఏఎం4 లేదా ఏఎం5, తెలిస్తే సమాధానం వచ్చేసినట్టే. చిక్కంతా 12 నుంచి 14వ తరం ఇంటెల్ వాళ్లకే. ప్రాసెసర్ రెండు రకాల ర్యామ్‌నీ నడపగలదు, కానీ బోర్డు మీద ఒక్క రకం స్లాట్లే ఉంటాయి. బీ660, బీ760, హెచ్610 అన్నీ రెండు రకాలుగానూ వచ్చాయి. కాబట్టి "నాది 12వ తరం కదా, డీడీఆర్5 వేసేద్దాం" అనడానికి లేదు.

పేరు చూసి కొంతవరకు పోల్చుకోవచ్చు. ఏసుస్ వాళ్లు డీడీఆర్4 బోర్డులకు చివర డీ4 అని పెడతారు, ఉదాహరణకు ప్రైమ్ హెచ్610ఎం-ఇ డీ4. ఎంఎస్ఐ, గిగాబైట్ చాలా మోడళ్లకు డీడీఆర్4 అని పూర్తిగానే రాస్తాయి. అలాగని డీ4 అని లేకపోతే డీడీఆర్5 అనేసుకోకండి. ఏఎస్‌రాక్ హెచ్610ఎం-హెచ్‌డీవీ పేరులో డీ4 ఎక్కడా లేదు, అయినా అది డీడీఆర్4 బోర్డే. పేరు ఒక ఆనవాలు మాత్రమే, నమ్మాల్సింది ఆ మోడల్ పేజీలో స్పెసిఫికేషన్స్ కింద మెమరీ అన్న వరసనే.

కంటితో చూసి పోల్చడం ఇంకా కష్టం. డీడీఆర్4కీ డీడీఆర్5కీ రెండింటికీ 288 పిన్నులే, పొడవూ అంతే. తేడా అల్లా కింద అంచున ఉండే గాడి చోటులో ఉంటుంది, అదీ కొద్ది మిల్లీమీటర్లే. అందుకే స్టిక్ స్లాటులో సగం వరకు కూర్చున్నట్టు అనిపించి, ఇంకొంచెం గట్టిగా నొక్కితే దిగుతుందేమో అనిపిస్తుంది. నొక్కకండి. స్లాటు పగిలితే బోర్డే పోతుంది.

సెకండ్ హ్యాండ్ కంపెనీ సిస్టమ్‌లు కొనేవాళ్లు ఇక్కడ ఇంకాస్త ఆగాలి. డెల్ ఆప్టిప్లెక్స్ 3040, 7040 రెండూ ఆరో తరం ఇంటెల్‌వే, కానీ 3040కి డీడీఆర్3ఎల్ కావాలి, 7040కి డీడీఆర్4. ఆరో తరం కాబట్టి డీడీఆర్4 అని లెక్కకట్టి కొంటే డబ్బులు పోతాయి. ఆ డీడీఆర్3ఎల్ అనేది 1.35 వోల్టుల మీద నడిచేది, మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి. డీడీఆర్3ఎల్ స్టిక్ 1.5 వోల్టుల పాత బోర్డులో సాధారణంగా నడుస్తుంది. 1.35 అడిగే ఆరో తరం బోర్డులో మాత్రం 1.5 స్టిక్ పెట్టకండి.

3. స్టిక్ రకం చూడండి

డెస్క్‌టాప్ బోర్డులకు కావాల్సింది పొడవు స్టిక్, అంటే యూడిమ్. లాప్‌టాప్‌లో వేసే పొట్టి స్టిక్‌ను సోడిమ్ అంటారు. బల్ల మీద పెట్టే సిస్టమ్ కదా, పొడవుదే పడుతుంది అనుకోకండి. ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ లాంటి అరచేతి డెస్క్‌టాప్‌లకు లాప్‌టాప్ ర్యామే కావాలి.

అసలు మోసపోయేది మాత్రం సర్వర్ ర్యామ్ దగ్గర. ఆన్‌లైన్‌లో "16 జీబీ డీడీఆర్4, శామ్‌సంగ్ ఒరిజినల్" అని మిగతావాటికన్నా బాగా చౌకగా కనిపిస్తే ముందు లేబుల్ ఫొటో అడగండి. డేటా సెంటర్ల నుంచి తీసేసిన రిజిస్టర్డ్ ఈసీసీ (డేటా తప్పులను తానే సరిదిద్దే సర్వర్ రకం) స్టిక్‌లు అలాగే అమ్ముడుపోతుంటాయి. డీడీఆర్4లో అవి మీ స్లాటులో చక్కగా కూర్చుంటాయి కూడా, క్లిప్పు పడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ మాత్రం రాదు. మామూలు ఇంటి బోర్డులు వాటిని నడపలేవు, బయోస్ అప్‌డేట్ చేసినా అంతే. జియాన్ ప్రాసెసర్‌తో ఎక్స్99 చైనా బోర్డు పెట్టుకున్నవాళ్లకు అవే పనికొస్తాయి, వాళ్ల లెక్క వేరు.

గుర్తుపట్టడం సులువే. లేబుల్ మీద ఇలా ఒక వరస ఉంటుంది: 8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-యూఏ2-11. దీన్ని ముక్కలు చేసి చదువుకుందాం. పీసీ4 అంటే డీడీఆర్4. 2666 అంటే స్పీడు. ఆ పక్కనున్న వీ అక్షరం 2666కి గుర్తు, 2400కి టీ ఉంటుంది, 3200కి ఏఏ ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అసలు చూడాల్సింది దాని తర్వాత గీత దాటాక వచ్చే మొదటి అక్షరం. యూ ఉంటే మీకు కావాల్సిన డెస్క్‌టాప్ స్టిక్. ఎస్ ఉంటే లాప్‌టాప్‌ది. ఆర్ ఉంటే సర్వర్‌ది, వద్దు. ఇంగ్లిష్ అక్షరం 'ఈ' ఉంటే ఈసీసీ ఉన్న యూడిమ్, అది కొన్ని బోర్డుల్లోనే నడుస్తుంది, బోర్డు పేజీలో రాసి ఉంటే తప్ప తీసుకోకండి. డీడీఆర్3లో ఈ అక్షరం స్పీడు నంబర్ పక్కనే అంటుకుని ఉంటుంది: పీసీ3-12800యూ అంటే సరే, పీసీ3-12800ఆర్ అంటే వద్దు.

ఆ 12800 ఏమిటంటారా? స్పీడును 8తో గుణిస్తే వచ్చే అంకె. 1600 అయితే 12800, 2400 అయితే 19200, 3200 అయితే 25600. షాపులో ఎవరైనా 25600 ర్యామ్ అని చెబితే కంగారు పడకండి, అది 3200 స్టిక్కే.

4. స్లాటుకు ఎంత, మొత్తం ఎంత

బోర్డు పేజీలో మ్యాగ్జిమమ్ మెమరీ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని స్లాట్ల సంఖ్యతో భాగించండి, అదే ఒక్కో స్లాటు పరిమితి. జనం మొత్తం చూస్తారు కానీ ఈ భాగహారం చేయరు. హెచ్61, హెచ్81 బోర్డులకు గరిష్ఠం 16 జీబీ అంటే రెండు 8 జీబీ స్టిక్‌లు అని అర్థం. 16 జీబీదే ఒక్క స్టిక్ కొని పెడితే ఆ తరం ప్రాసెసర్లు గుర్తుపట్టవు. హెచ్110కి మామూలుగా 32, అంటే 16 చొప్పున రెండు. హెచ్610 డీడీఆర్4 బోర్డులకు 64, అంటే 32 చొప్పున రెండు.

ఇంకా పాతది, జీ41 బోర్డు ఎవరి దగ్గరైనా ఉంటే మొత్తం 8 జీబీ మించదు, పైగా 4 జీబీ స్టిక్‌కి రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే నడుస్తుంది. ఎనిమిదే చిప్‌లున్న 4 జీబీ స్టిక్ పెడితే సిస్టమ్ లేవదు. "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని అమ్మే చౌక స్టిక్‌లను ఇంటెల్ బోర్డులో పెట్టినా ఇదే గతి. నిజం చెప్పాలంటే జీ41 మీద ఇంకా డబ్బులు పెట్టడం దండగ.

కొత్త బోర్డుల్లో ఈ పరిమితి బయోస్‌తో మారుతుంటుంది. డీడీఆర్5లో 24, 48 జీబీ స్టిక్‌లు వచ్చాక పాత బయోస్ వాటిని గుర్తించక చాలామంది ఇబ్బంది పడ్డారు. మీరు కొనబోయేది అలాంటిదైతే పాత ర్యామ్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసేయండి. అప్‌డేట్ జరిగేటప్పుడు కరెంటు పోకూడదు, యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

5. ఒకటా, రెండా?

16 జీబీ కావాలంటే 16 ఒకటి కాదు, 8 చొప్పున రెండు కొనండి. రెండు స్టిక్‌లుంటే డ్యుయల్ చానెల్‌లో నడుస్తాయి, ప్రాసెసర్‌కు ర్యామ్ నుంచి డేటా వచ్చే దారి రెట్టింపవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకు, ముఖ్యంగా రైజెన్ 5 5600జీ లాంటివి వాడేవాళ్లకు, గేముల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. టైపింగ్, బ్రౌజింగ్ పనులకైతే అంతగా తెలియదు. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్‌లు నెమ్మది రకం కాబట్టి అక్కడ 16 చొప్పున రెండు పెట్టగలిగితే మంచిది. ఇప్పటికి డబ్బులు ఒక్కదానికే ఉన్నాయనుకుంటే ఒకటే కొని నడుపుకోండి, తప్పేం లేదు, రెండోది కొనేటప్పుడు అదే కంపెనీ అదే పార్ట్ నంబర్ వెతకండి.

పాతదాని పక్కన కొత్తది కలపొచ్చా? కలపొచ్చు, చాలాసార్లు నడుస్తుంది కూడా, కానీ హామీ ఎవరూ ఇవ్వరు. స్పీడు రెండింట్లో తక్కువదానికి దిగుతుంది. 4, 8 కలిపితే ఇంటెల్ బోర్డులు నాలుగు నాలుగు జతకట్టి డ్యుయల్‌లో నడిపి, మిగిలిన నాలుగును సింగిల్‌గా నడుపుతాయి. అది పర్వాలేదు. కలిపేటట్లయితే తరం, రకం, వోల్టేజి, స్పీడు ఈ నాలుగూ ఒకటే ఉండేలా చూసుకోండి. 3200 సీఎల్16 ఎక్స్‌ఎంపీ (పెట్టె మీద రాసిన స్పీడును ఆన్ చేసే బయోస్ సెట్టింగ్) స్టిక్‌కి పక్కన మామూలు 2666 స్టిక్ పెట్టి ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే అదృష్టం బాగుంటే నడుస్తుంది, లేకపోతే ఓ వారం బాగానే ఉండి ఒకరోజు నీలం తెర చూపిస్తుంది. నన్నడిగితే డీడీఆర్5లో అసలు కలపకండి, జత పెట్టెలో వచ్చింది జతగానే వాడండి.

ఏఎం5 బోర్డు వాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగూ నింపేయకండి. రైజెన్ 7000 సిరీస్‌కు ఏఎండీ చెప్పిన అధికారిక స్పీడు రెండు స్టిక్‌లకు 5200 అయితే, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది. 64 కావాలంటే 32 చొప్పున రెండు తీసుకోండి.

6. ఇప్పుడు స్పీడు

ఇక్కడ మూడు హద్దులున్నాయి: ర్యామ్ హద్దు, ప్రాసెసర్ హద్దు, బోర్డు హద్దు. మూడింట్లో ఏది తక్కువైతే అదే మీకొచ్చేది. పదో తరం ఐ3, ఐ5లకు అధికారికంగా 2666, హెచ్410 బోర్డులో అంతకు మించి వెళ్లదు. 12వ తరం డీడీఆర్4కి 3200. హెచ్610లో 3600 కిట్ పెట్టినా 3200 దాటదు, కాబట్టి 3600కి ఎక్కువ డబ్బులు పోయడం అనవసరం. బీ560, బీ660, బీ760, ఏఎండీ బీ450, బీ550 బోర్డుల్లో పైకి వెళ్లే వీలుంది.

నా సలహా పొట్టిగా: ఏఎం4లో రైజెన్ 3000, 5000కి 3200 సీఎల్16 చాలు, ధర తేడా పెద్దగా లేకపోతే 3600. ఏఎం5కి 6000 సీఎల్30 చాలామంది వాడే, ఇబ్బంది పెట్టని కిట్, అంత పెట్టలేకపోతే 5600 తీసుకోండి. హెచ్ సిరీస్ ఇంటెల్ బోర్డులకు బోర్డు ఎంత అంటే అంత, ఒక్క రూపాయి ఎక్కువ వద్దు. సీఎల్ అంకె తక్కువైతే మంచిదే, కానీ ఒకే స్పీడున్న రెండు కిట్లను పోల్చేటప్పుడే దాన్ని చూడండి. డీడీఆర్4 సీఎల్16ను డీడీఆర్5 సీఎల్36తో పోల్చి "ఇది రెట్టింపు నెమ్మది" అనుకోవడం తప్పు.

ఏఎండీ బోర్డుకు డీడీఆర్5 కొనేటప్పుడు పెట్టె మీద ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటిదే, ఏఎండీ వాళ్లది) అని ఉన్నది చూసుకోండి. ఎక్స్‌ఎంపీ మాత్రమే ఉన్నవీ చాలావరకు నడుస్తాయి, కానీ ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు ఎందుకు వదులుకోవడం.

7. జాబితాలో చూసుకోండి

బోర్డు పేజీలో సపోర్ట్ కింద మెమరీ సపోర్ట్ లిస్ట్, లేదా క్యూవీఎల్ అని ఉంటుంది. కంపెనీ తమ దగ్గర పెట్టి పరీక్షించిన స్టిక్‌ల పార్ట్ నంబర్లు అవి. మీరు కొనబోయేది అందులో ఉంటే నిశ్చింత. లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు, మార్కెట్‌లో ఉన్న ప్రతి స్టిక్‌నూ ఎవరూ పరీక్షించరు, బోర్డు పాతదైతే ఆ జాబితాలో ఉన్నవి దొరకను కూడా దొరకవు. అప్పుడు ఎదురు దారిలో వెళ్లండి: కింగ్‌స్టన్, కోర్సెయిర్ లాంటి ర్యామ్ కంపెనీల సైట్లలో మీ బోర్డు పేరు కొడితే ఏ స్టిక్ సరిపోతుందో వాళ్లే చూపిస్తారు. డీడీఆర్4 మామూలు స్పీడులకు ఈ మాత్రం చాలు. డీడీఆర్5లో 6400 పైన వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం జాబితాలో లేనిది కొనొద్దు.

ఒక్క మాట, ప్రాసెసర్ మీద పెద్ద ఎయిర్ కూలర్ ఉంటే పక్క స్లాటు మీదికి ఎంత వంగి ఉందో చూసుకోండి. ఎత్తైన రేకులు, లైట్లు ఉన్న స్టిక్ దాని కింద పట్టకపోవచ్చు. పొట్టి రేకులదో, అసలు రేకులు లేనిదో తీసుకుంటే బాధ లేదు.

8. కొనడం

సికింద్రాబాద్‌లో పార్క్ లేన్ సీటీసీ లాంటి చోట కొంటే మీ బోర్డు పేరు, కావాల్సిన పార్ట్ నంబర్ కాగితం మీద రాసి చూపించండి. "సేమ్ టు సేమ్ ఇది కూడా" అని వేరేది చేతిలో పెడితే దాని లేబుల్ మీద పైన చెప్పిన అక్షరం చదవండి. బిల్లు మీద పార్ట్ నంబర్ రాయించుకోండి, జీఎస్‌టీ బిల్లే అడగండి, ర్యామ్‌కు వారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది, బిల్లు లేకపోతే దాన్ని వాడుకోలేరు. ఆన్‌లైన్‌లో అయితే రిటర్న్ గడువు ఎన్ని రోజులో, రిటర్నా లేక మార్చి ఇవ్వడమేనా చూసి ఆర్డర్ పెట్టండి. క్రూషల్ స్టిక్ కనిపిస్తే ఒక సంగతి తెలిసి ఉండాలి: మైక్రాన్ ఆ బ్రాండు వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది, వారంటీ సేవ కొనసాగిస్తామంది. స్టిక్ మంచిదే, జతకు రెండోది తర్వాత కొందాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

సెకండ్ హ్యాండ్‌లో డీడీఆర్3 తప్ప గతి లేనివాళ్లు అమ్మేవాడి ముందే సిస్టమ్‌లో పెట్టించి సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ చూడండి. పైన స్టిక్కర్ మీద ఒక కంపెనీ, లోపల ఇంకో కంపెనీ చూపిస్తే ఆ స్టిక్కర్ తర్వాత అంటించింది అనుకోవచ్చు.

9. బిగించడం

సిస్టమ్ షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, వైరు పీకేసి, ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. స్టిక్‌ను అంచులతో పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నులను తాకకూడదు.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. చాలా బోర్డులకు ఇదే వరస, మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి. పక్కపక్కన ఒకటి, రెండు స్లాట్లలో పెట్టేసి డ్యుయల్ చానెల్ రాలేదని గింజుకునేవాళ్లు ఎందరో.

గాడి సరిపోయిందో లేదో చూసి, రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కండి. టక్‌మని శబ్దం వచ్చి క్లిప్పు దానంతటదే లేచి పట్టుకోవాలి. కొన్ని బోర్డులకు ఒకవైపే క్లిప్పు ఉంటుంది, అక్కడ రెండో చివర పూర్తిగా దిగిందో లేదో కంటితో చూసుకోవాలి. పిన్నుల బంగారు గీత స్లాటు పైన ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తుంటే ఇంకా దిగలేదన్నమాట.

10. మొదటిసారి ఆన్ చేయడం

డీడీఆర్5 అయితే ఓపిక పట్టండి. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి బోర్డు దాన్ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ సేపంతా తెర నల్లగానే ఉంటుంది, ఏఎం5లో మరీ ఎక్కువ. పాడైందేమో అని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బొమ్మ వచ్చాక డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. మొత్తం ఎన్ని జీబీలో మొదటి పేజీలోనే కనిపిస్తుంది. 3200 కిట్ పెట్టినా అక్కడ 2133 అనో 2400 అనో 2666 అనో చూపిస్తే షాపువాణ్ని తిట్టకండి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసేదాకా అంతే. ఏఎండీ బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ అనో ఎక్స్‌పో అనో ఉండొచ్చు. ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి.

బొమ్మ రాకపోతే ఈ వరసలో చూడండి. ముందు స్టిక్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి, చాలా కేసులు ఇక్కడే తీరిపోతాయి. పాత స్టిక్ అయితే పిన్నులను మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. ఒక్క స్టిక్‌తో, రెండో స్లాటులో పెట్టి ప్రయత్నించండి, తర్వాత ఇంకోదానితో. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూ ఉంటే తప్పు ర్యామ్ దగ్గరే. అప్పటికీ లేవకపోతే వైరు పీకి, బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక లేవడం మానేసిన సిస్టమ్‌కు ఇదే మందు. పాత స్టిక్ పెడితే లేచి, కొత్తది ఏ స్లాటులోనూ లేవకపోతే ఇక బయోస్ అప్‌డేట్ ఒక్కటే మిగిలింది, అది కూడా పనిచేయకపోతే తిరిగిచ్చేయండి.

11. సరిగ్గా నడుస్తోందో లేదో చూడటం

విండోస్‌లోకి వచ్చింది కాబట్టి అయిపోయింది అనుకుంటారు చాలామంది. సగమే అయింది.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి. మొత్తం, స్పీడు, ఎన్ని స్లాట్లు వాడారో ఉంటుంది. కింద హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా అది కొన్ని వందల ఎంబీలే. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడేవాళ్లకు దాని వాటా కలిసి ఇంకొంత ఎక్కువ ఉండొచ్చు. అలా కాక కొన్న ర్యామ్‌లో సగం అక్కడే ఇరుక్కుంటే స్టిక్ సరిగ్గా కూర్చోలేదో, 32 బిట్ విండోస్ వాడుతున్నారో అయి ఉంటుంది. 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు, ఎన్ని స్టిక్‌లు పెట్టినా అంతే, 64 బిట్ వేసుకోవాల్సిందే.

సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1600 దగ్గర చూపిస్తే మీ ర్యామ్ 3200లో నడుస్తున్నట్టే. అక్కడ చూపేది సగం అంకె. సగమే వస్తోంది, మోసపోయాను అని అమ్మినవాడితో గొడవకు దిగే ముందు రెండుతో గుణించండి. చానెల్ దగ్గర డ్యుయల్ అని ఉండాలి. డీడీఆర్5లో రెండు స్టిక్‌లకు 4 ఇంటూ 32 బిట్ అని చూపిస్తుంది, ఒక్కదానికైతే 2 ఇంటూ 32.

చివరిగా మెమ్‌టెస్ట్86ను పెన్ డ్రైవ్‌లో వేసి దాంతో బూట్ చేసి రాత్రి పడుకునే ముందు వదిలేయండి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఉంది, కానీ అది పైపైన చూస్తుంది. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాసులు ఉంటాయి, ర్యామ్ ఎక్కువైతే గంటల తరబడి సాగుతుంది. పొద్దున్నే లేచి చూస్తే ఎర్రర్లు సున్నా ఉండాలి. "ఒక్కటే వచ్చింది కదా" అనే మాట ఇక్కడ చెల్లదు, ఒక్కటి వచ్చినా తప్పే. అప్పుడు ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ నడపండి. ఆపాక శుభ్రంగా ఉంటే స్టిక్ పాడవలేదు, ఆ స్పీడు మీ బోర్డుకో ప్రాసెసర్‌కో మోయలేని బరువైంది, ఒక మెట్టు కిందికి దించి వాడుకోండి. ఆపినా ఎర్రర్లు వస్తుంటే స్టిక్‌లను ఒక్కొక్కటిగా పెట్టి ఏదో తేల్చుకోండి, జతలో ఒకటే పాడైనా రెండూ కలిపే తిరిగి పంపండి. ఇదంతా రిటర్న్ గడువు ముగిసేలోపు జరగాలి, కాబట్టి పెట్టె, ప్లాస్టిక్ కవరు అప్పటిదాకా పారేయకండి.